డ్రెయిన్ల నీళ్లు ఏట్లోకి పోతున్నాయి: 3 ఎంఎల్‌డీ ఎస్‌బీఆర్ వేయాలా, చెరువుల పద్ధతి సరిపోతుందా?

ఏటిగట్టు:

నమస్కారమండి. కృష్ణలో కలిసే ఓ ఉపనది ఒడ్డున ఉంది మా మున్సిపాలిటీ. జనాభా ఇప్పుడు 42 వేల దాకా ఉంటుంది. భూగర్భ డ్రైనేజీ (యూజీడీ) లేదు. ఇంటింటికీ సెప్టిక్ ట్యాంకు, దాని ఓవర్‌ఫ్లో పైపు వీధి కాల్వలోకి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు కూడా అందులోకే. వీధి కాల్వలన్నీ మూడు పెద్ద డ్రెయిన్లుగా కలిసి మూడు చోట్ల ఏట్లో పడుతున్నాయి. వానాకాలం ఏరు గట్లు ఒరుసుకుని పారుతుంది. మార్చి వచ్చేసరికి ఇసుకలో సన్నటి పాయ మిగులుతుంది. మూడో డ్రెయిన్ పడే చోటికి 4 కిలోమీటర్ల దిగువన రెండు గ్రామాలకు మంచినీళ్లిచ్చే ఊటబావి ఉంది. వేసవిలో ఆ నీళ్లు వాసన వేస్తున్నాయని, బ్లీచింగ్ ఎంత కలిపినా కొళాయి దగ్గర క్లోరిన్ కనబడట్లేదని ఫిర్యాదులు.

ఇప్పుడు డీపీఆర్ (సవివర ప్రాజెక్టు నివేదిక) తయారైంది. డ్రెయిన్ల చివర మూడు సంపులు కట్టి నీళ్లు ఎత్తిపోసి, ఒకచోట రోజుకు 30 లక్షల లీటర్లు (3 ఎంఎల్‌డీ) శుద్ధి చేసే ఎస్‌బీఆర్ ప్లాంటు పెడతారట. అంటే ఒకే బేసిన్‌లో మురుగు నింపి, గాలి కొట్టి, బురద దిగాక పైనీళ్లు తీసేసే పద్ధతి. రెండు బేసిన్లు, మొత్తం 1,800 ఘనపు మీటర్లు. లోపలికొచ్చే నీటి బీఓడీ (కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావాల్సిన ఆక్సిజన్) లీటరుకు 250 మిల్లీగ్రాములు అనుకుని డిజైన్ చేశారు. కానీ ల్యాబులో మూడు డ్రెయిన్ల నీళ్లు చూపిస్తే సగటున 90 వచ్చింది. ఊరికి 2 కిలోమీటర్ల దిగువన 16 ఎకరాల ప్రభుత్వ భూమి కూడా ఉంది. అక్కడ ఆక్సిడేషన్ చెరువులు (ఎండ, నాచు, సూక్ష్మజీవులే మురుగును శుద్ధి చేసేవి) తవ్వితే కరెంటు ఖర్చు ఉండదు కదా అని కౌన్సిల్లో ఒక వాదన.

ఏది మేలు? 250కీ 90కీ మధ్య ఇంత తేడా ఉంటే ప్లాంటు పనిచేస్తుందా? ఏరు బాగుపడాలంటే అసలు ఏ అంకె చూడాలి?

వెట్‌వెల్:

ముందు ఆ 3 ఎంఎల్‌డీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. మనిషికి 90 లీటర్ల సరఫరా, అందులో 80 శాతం మురుగు, 42 వేల మంది. గుణిస్తే 3.02 ఎంఎల్‌డీ వస్తుంది. అంటే ఇది కుర్చీలో కూర్చుని వేసిన లెక్క. డ్రెయిన్ దగ్గర ఎవరూ కొలిచి ఉండరు. సొంత బోర్లున్న ఇళ్ల నీళ్లు ఈ లెక్కలోకి రావు. మట్టి కాల్వల్లో ఇంకిపోయేవీ రావు.

కొలవడం కష్టమేమీ కాదు. డ్రెయిన్‌కు వాలు ఉంటే 90 డిగ్రీల వీ-నాచ్ రేకు అడ్డంగా బిగించండి. నాచ్ మొన నుంచి నీటి మట్టం ఎత్తు 10 సెంటీమీటర్లుంటే సెకనుకు 4.4 లీటర్లు, 15 అయితే 12, 20 అయితే 24.7 లీటర్లు. ఎత్తు రెట్టింపైతే ప్రవాహం ఐదున్నర రెట్లు దాటుతుంది కాబట్టి స్కేలు సెంటీమీటరు అటూ ఇటూ చదివితే లెక్క తప్పుతుంది. ఎత్తును రేకు దగ్గర కాక, మీటరు వెనకాల చదవాలి. నాచ్ దగ్గర నీటి మట్టం వంగి ఉంటుంది.

వాలు లేని డ్రెయిన్‌లో నాచ్ పెడితే వెనక ఇళ్లలోకి నీళ్లు ఎగదన్నుతాయి. అక్కడ 10 మీటర్ల నిటారు ముక్క చూసుకుని నారింజ తొక్క వదలండి. వెడల్పు 0.9 మీటరు, లోతు 12 సెంటీమీటర్లు, తొక్క 40 సెకన్లలో దాటిందనుకుంటే పైపొర వేగం 0.25. దాన్ని 0.85తో గుణించి అడ్డుకోత వైశాల్యంతోనూ గుణిస్తే సెకనుకు 23 లీటర్లు, అంటే దాదాపు 2 ఎంఎల్‌డీ. తెల్లారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా గంటగంటకూ చూడాలి. ఒకసారి ఏప్రిల్‌లో, ఒకసారి వానలు తగ్గాక.

శాంపిలు కూడా అంతే. ఉదయం పదింటికి ఒక సీసా ముంచి ల్యాబుకు పంపితే వచ్చేది ఆ పది గంటల నీటి సంగతి. గంటకో సీసా తీసి, ఆ గంట ప్రవాహానికి తగ్గ పాళ్లలో కలిపి, ఐసు పెట్టెలో పంపాలి.

ఇక 250, 90 తేడా. కేంద్ర ప్రజారోగ్య ఇంజనీరింగ్ సంస్థ సీపీహెచ్‌ఈఈఓ మాన్యువల్ (2013) ప్రకారం మనిషికి రోజుకు 27 గ్రాముల బీఓడీ. 42 వేల మందికి 1,134 కిలోలు. మీ డ్రెయిన్లలో వస్తున్నది 3 ఎంఎల్‌డీ, 90 చొప్పున 270 కిలోలే. మిగతాదాంట్లో పెద్ద వాటా సెప్టిక్ ట్యాంకుల అడుగున బురదగా ఉంది, కొంత డ్రెయిన్ల అడుగు మట్టిలో పేరుకుంది, కొంత దారిలోనే కుళ్లి పోయింది. భూగర్భ డ్రైనేజీ లేని ఊళ్లో 80 నుంచి 120 రావడం మామూలే. పైప్‌లైన్లు ఉన్న నగరం అంకెను తెచ్చి అతికిస్తే 250 అవుతుంది.

ఎస్‌బీఆర్‌కు దీనివల్ల ఏమవుతుందంటే, సూక్ష్మజీవులకు తిండి చాలదు. 1,800 ఘనపు మీటర్లలో ఎంఎల్‌ఎస్‌ఎస్ (బేసిన్ నీళ్లలో తేలే స్లడ్జ్, అంటే సూక్ష్మజీవుల బురద) లీటరుకు 3,500 మిల్లీగ్రాములు నిలపాలంటే 6,300 కిలోల స్లడ్జ్, అందులో జీవం ఉన్న భాగం 80 శాతం అనుకుంటే 5,040 కిలోలు. 750 కిలోల బీఓడీ వస్తే తిండికీ జీవానికీ నిష్పత్తి 0.15. 270 వస్తే 0.054. కాగితం మీద ఇదీ నడుస్తుంది గాని, ఆచరణలో ఎంఎల్‌ఎస్‌ఎస్ పెరగదు, ఫ్లాక్ (సూక్ష్మజీవుల ముద్దలు) పొడిపొడిగా విడిపోయి, పైనీళ్లు తీసే డికాంటర్‌తో బయటికి పోతుంది. బ్లోయర్లు మాత్రం 750 కిలోల సైజువి. కరెంటు దండగ.

బేసిన్లను 120 నుంచి 150 బీఓడీకి డిజైన్ చేయించండి, మూడో బేసిన్‌కు చోటు, పైపు కనెక్షన్లు మాత్రం వదిలిపెట్టండి. రేపు యూజీడీ వచ్చి ఇళ్లు నేరుగా కలిస్తే లోడు పెరుగుతుంది, అప్పుడు కట్టుకోవచ్చు. బ్లోయర్లకు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం), బేసిన్‌లో డీఓ (కరిగిన ఆక్సిజన్) సెన్సర్ తప్పనిసరి అని టెండర్లోనే రాయించండి.

లెవెల్‌స్టాఫ్:

16 ఎకరాలు చేతిలో ఉండి చెరువుల లెక్క వేయకపోవడం అన్యాయం. వేద్దాం.

16 డిగ్రీల అక్షాంశం దగ్గర ఫ్యాకల్టేటివ్ చెరువుకు (పైపొరలో ఆక్సిజన్ ఉండి అడుగున లేని మొదటి చెరువు) హెక్టారుకు రోజుకు 275 కిలోల బీఓడీ వరకు వేయొచ్చు. రేపటి కోసం 150 మిల్లీగ్రాములు పెట్టుకుంటే 450 కిలోలు, అంటే 1.64 హెక్టార్లు. లోతు మీటరున్నర. నీళ్లు 8 రోజులు నిలుస్తాయి. దాని తర్వాత క్రిముల్ని చంపే మెచురేషన్ చెరువులు మూడు, ఒక్కోటి 4 రోజులు, లోతు 1.2 మీటర్లు, ఒక్కోటి హెక్టారు. గట్లు, దారి, షెడ్డు కలుపుకుంటే 6 హెక్టార్లు, అంటే 15 ఎకరాలు. మీ భూమికి సరిగ్గా సరిపోతుంది. బీఓడీ ఇంత పలచగా ఉన్నప్పుడు ముందు అనేరోబిక్ చెరువు (ఆక్సిజన్ లేకుండా కుళ్లబెట్టేది) అక్కర్లేదు. దాని బదులు మట్టి దిగే గుంటలు రెండు పక్కపక్కన కట్టుకోవాలి, ఒకటి పూడిక తీస్తుంటే రెండోది నడవడానికి.

మెచురేషన్ చెరువులు మూడెందుకు, ఒకటి చాలదా అంటారు కౌన్సిల్లో. చాలదు. చలికాలపు నీరు 22 డిగ్రీలు, లోపలికొచ్చే ఫీకల్ కోలిఫాం (మలం నుంచి వచ్చే క్రిములు) 100 మిల్లీలీటర్లకు కోటి అనుకుని లెక్కేస్తే, ఒక చెరువుతో బయటికి 20 వేలు, రెండిటితో 1,300, మూడిటితో 100 లోపు. క్రిములు చచ్చేది ఎండకీ, పగలు నాచు పెంచే పీహెచ్‌కీ. ఒకే పెద్ద చెరువులో 12 రోజులు నిలిపినా ఈ ఫలితం రాదు, ఎందుకంటే కొన్ని నీళ్లు అడ్డదారిన రెండు రోజుల్లోనే బయటపడతాయి.

ఆ అడ్డదారే చెరువుల అసలు జబ్బు. ఇన్లెట్, అవుట్‌లెట్ ఒకే గీతలో పెడతారు, ఎదురెదురు మూలల్లో పెట్టరు. గాలి వాటాన ఇన్లెట్ పెడితే ఇంకా చెడ్డది. పొడవు వెడల్పుకు మూడింతలు ఉండాలి. అవుట్‌లెట్ ముందు తెట్టు ఆపే అడ్డుపలక పెట్టి, నీటి మట్టానికి కొంచెం కింది నుంచి తీసుకోవాలి. పైపొరలో నాచు ఎక్కువ. నీటి అంచున గట్టుకు స్లాబు పరచకపోతే గడ్డి మొలుస్తుంది, ఆ గడ్డిలో దోమలు. గుర్రపు డెక్క ఒక్క మొక్క కనబడినా ఆ రోజే తీయించాలి. అది చెరువును కప్పేస్తే ఎండ దిగదు, చెరువు చచ్చినట్టే.

ఏటి పక్క నేల ఇసుక కలిసి ఉంటుంది. బంకమట్టి పొర వేసి రోలింగ్ చేయకపోతే నీళ్లు చెరువులో నిలవవు, భూమిలోకి పోతాయి. గట్టు పైమట్టం ఆ చోట నమోదైన వరద మట్టానికి కనీసం మీటరు పైన ఉండాలి. ఇది ముందే సర్వే చేయించండి. గట్టు ఎత్తు పెరిగితే మట్టి ఖర్చుతో చెరువుల చవకదనమంతా పోతుంది.

నడిపేటప్పుడు చెరువు రంగే చెప్పేస్తుంది. ఆకుపచ్చగా ఉంటే బాగున్నట్టు. గులాబీ, ఊదా రంగు తిరిగితే లోడు ఎక్కువై సల్ఫైడ్ చేరిందని అర్థం. మూడో వంతు నీళ్లను మెచురేషన్ చెరువు నుంచి వెనక్కి తిప్పితే కోలుకుంటుంది.

షిఫ్ట్_బి:

లెవెల్‌స్టాఫ్ గారి లెక్కలో తప్పు లేదు గాని, చెరువు నుంచి వచ్చే నీళ్లు ఏ ప్రమాణం దాటాలో ఆయన చెప్పలేదు. 2017 అక్టోబరు 13 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌లో మెట్రోలు కాని ఊళ్లకు బీఓడీ 30, సస్పెండెడ్ సాలిడ్స్ 100, ఫీకల్ కోలిఫాం 1,000. 2019 ఏప్రిల్ 30న ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) ఇచ్చిన ఉత్తర్వులో బీఓడీ 10, సాలిడ్స్ 20, కోలిఫాం 230. చెరువు నీళ్లలో నాచే 50 నుంచి 100 మిల్లీగ్రాముల సాలిడ్స్ ఉంటుంది. వడకట్టకుండా బీఓడీ చేస్తే 30 దాటడం మామూలు. మొదటి ప్రమాణమైతే అంచున నిలబడతారు, రెండోదైతే పాస్ కారు. కాబట్టి కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే సీఎఫ్‌ఈలో (ప్లాంటు కట్టుకోవడానికి అనుమతి) ఏ అంకెలు రాస్తారో ముందుగా రాతపూర్వకంగా అడగండి. దాన్నిబట్టే మిగతాదంతా.

ఎస్‌బీఆర్ అయితే ఈ అంకెలు వస్తాయి, కానీ నడిపితేనే. కరెంటు ఘనపు మీటరుకు 0.35 యూనిట్లు అనుకోండి, రోజుకు వెయ్యి యూనిట్లు పైన. యూనిట్ 7 రూపాయలైతే నెలకు 2 లక్షల 20 వేలు, బిల్లు ఒక్కటే. స్వచ్ఛ భారత్ అర్బన్ 2.0 (2021)లో లక్ష లోపు జనాభా ఊళ్లకు కట్టడానికి డబ్బులొస్తాయి, నెలనెలా బిల్లు మాత్రం మున్సిపాలిటీదే.

ప్లాంట్లలో సాధారణంగా ఎక్కడ పాడవుతుందో చెప్తాను.

ఒకటి, మట్టి. తెరిచి ఉన్న డ్రెయిన్ల నీళ్లు కాబట్టి రోడ్డు మట్టి, సిమెంటు, ఇసుక అన్నీ వస్తాయి. గ్రిట్ చాంబర్ (ముందుగా మట్టి దిగే గది) చిన్నదైతే ఇదంతా బేసిన్ అడుగుకు చేరి, గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్లను కప్పేస్తుంది. చిత్రమేమిటంటే రిజిస్టర్లో ఎంఎల్‌ఎస్‌ఎస్ 4,000 అని బ్రహ్మాండంగా కనబడుతుంది, అందులో సగం మట్టే. అందుకే ఎంఎల్‌విఎస్‌ఎస్ (స్లడ్జ్‌లో జీవం ఉన్న భాగం) కూడా వారానికోసారి చేయించాలి. రెండిటి నిష్పత్తి 0.6 కంటే తగ్గితే మట్టి చేరుతున్నట్టే.

రెండు, స్లడ్జ్ తీయకపోవడం. లీటరు సిలిండర్‌లో బేసిన్ నీళ్లు పోసి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. స్లడ్జ్ మట్టం 200 నుంచి 350 మిల్లీలీటర్ల మధ్య ఆగాలి. ఎంఎల్‌ఎస్‌ఎస్ 2,000 ఉండి మట్టం 250 ఉంటే ఎస్‌వీఐ (స్లడ్జ్ ఎంత బాగా దిగుతుందో చెప్పే సూచిక) 125, బాగున్నట్టు. 700, 800 దగ్గర ఆగిందంటే డికాంట్ సమయంలో స్లడ్జ్ బయటికి పోతుంది. వానాకాలం డ్రైయింగ్ బెడ్లు ఆరవు కాబట్టి స్లడ్జ్ తీయడం ఆపేస్తారు, అది ఏదో ఒక రాత్రి ఏట్లోకి పోతుంది, తెల్లారి సీసాలో నీళ్లు మళ్లీ తేటగా ఉంటాయి. బెడ్లకు పైన రేకుల కప్పు లేకపోతే స్క్రూ ప్రెస్ (స్లడ్జ్‌ను పిండే యంత్రం) పెట్టించండి. సిలిండర్‌లో గంట తర్వాత కింద దిగిన స్లడ్జ్ బుడగలతో ముద్దగా పైకి తేలితే భయపడొద్దు. అది నైట్రేట్ విడిపోయి నైట్రోజన్ వాయువు రావడం. గాలి అవసరానికి మించి కొడుతున్నారని గుర్తు.

మూడు, క్లోరిన్ ట్యాంకు సైజు. ఇది డీపీఆర్లలో తరచూ తప్పుతుంది. సగటు ప్రవాహం సెకనుకు 35 లీటర్లు, 30 నిమిషాలకు 63 ఘనపు మీటర్లు అని కట్టేస్తారు. కానీ రెండు బేసిన్ల ఎస్‌బీఆర్‌లో నాలుగు గంటల సైకిల్, రోజుకు 12 డికాంట్లు. ఒక్కోసారి 250 ఘనపు మీటర్లు గంటలో బయటికొస్తాయి. ట్యాంకు 125 ఉండాలి, లేదా మధ్యలో ప్రవాహాన్ని సమం చేసే ఈక్వలైజేషన్ ట్యాంకు ఉండాలి. లేకపోతే క్లోరిన్ తగలడానికి 15 నిమిషాలే దొరుకుతుంది, కోలిఫాం దిగదు. డోసు లీటరుకు 4 మిల్లీగ్రాములు అయితే రోజుకు 12 కిలోలు, 10 శాతం హైపో (క్లోరిన్ ద్రావణం) 120 లీటర్లు. మన ఎండల్లో హైపో బలం త్వరగా పోతుంది, వారానికి మించి నిల్వ పెట్టొద్దు.

వింక్లర్_బాటిల్:

మీరు చివర అడిగిన ప్రశ్నే ముందు రావాల్సింది. ఏరు బాగుపడాలంటే ఏ అంకె?

మార్చిలో ఏట్లో సెకనుకు 100 లీటర్ల ధార, బీఓడీ 2 అనుకోండి. మీ మురుగు 35 లీటర్లు, బీఓడీ 90. కలిస్తే 25 దగ్గరకు వస్తుంది. శుద్ధి చేసి 30కి దించితే కలిశాక 9. అద్భుతంగా నడిపి 10కి దించినా కలిశాక 4. స్నానాలకు పనికొచ్చే నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం 3, డీఓ 5కు తగ్గకూడదు. అంటే ఖరీదైన ప్లాంటు పెట్టినా ఎండాకాలం మీ ఏరు ఆ ప్రమాణం అందుకోదు. అదే ఏట్లో 1,000 లీటర్లు పారుతుంటే 30 బీఓడీ నీళ్లు కలిసినా 3 లోపే. ప్రవాహం లేని నాడు ఏ టెక్నాలజీ అయినా ఓడిపోతుంది. ఇది ఎస్‌బీఆర్, చెరువుల తగాదా కాదు. డిసెంబరు నుంచి జూన్ దాకా శుద్ధి చేసిన నీళ్లు ఏట్లో పడాలా వద్దా అన్నది అసలు ప్రశ్న.

బీఓడీ ఒక్కటే చూస్తే మోసపోతారు. మనం చేసేది 27 డిగ్రీల దగ్గర మూడు రోజుల బీఓడీ. అందులో అమ్మోనియా తినే ఆక్సిజన్ దాదాపు కనబడదు. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ నైట్రేట్‌గా మారడానికి 4.57 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కావాలి. బీఓడీ 20 వచ్చిందని సంబరపడే నీళ్లలో అమ్మోనియా 20 ఉంటే, అది ఏట్లోకెళ్లి ఇంకో 91 మిల్లీగ్రాముల ఆక్సిజన్ అడుగుతుంది. సెప్టిక్ ట్యాంకు ఓవర్‌ఫ్లోలో అమ్మోనియానే ఎక్కువ.

చేపలకు విషం కూడా ఇదే. పీహెచ్ 7.5, నీరు 30 డిగ్రీలుంటే అమ్మోనియాలో రెండున్నర శాతమే విష రూపంలో ఉంటుంది. నాచు పెరిగి మధ్యాహ్నం పీహెచ్ 8.5 అయితే 20 శాతం. మొత్తం అమ్మోనియా 10 ఉంటే అందులో 2 విషం. చేపల పెంపకానికి డీ తరగతి నీటి ప్రమాణం 1.2. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో చేపలు తేలడానికి కారణం చాలాసార్లు ఇదే.

డీఓ కొలిచే వేళ చూసుకోండి. మధ్యాహ్నం రెండింటికి పచ్చటి నీళ్లలో 11 రావచ్చు. 30 డిగ్రీల దగ్గర గాలి నుంచి నీటిలో కరిగేది ఏడున్నరే, పైనంతా నాచు వదిలింది. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ తింటుంది. సూర్యోదయానికి ముందు కొలిస్తే 2 కూడా ఉండదు. మీటరు లేకపోతే వింక్లర్ పద్ధతి చాలు. 300 మిల్లీలీటర్ల సీసా బుడగ లేకుండా నింపి, మాంగనస్ సల్ఫేట్, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ అక్కడికక్కడే వేసి మూత పెట్టాలి. గోధుమరంగు తరకలు దిగితే ఆక్సిజన్ ఉంది, తెల్లగానే ఉండిపోతే లేనట్టే. టైట్రేషన్ ఊళ్లోకొచ్చి చేసుకోవచ్చు. "ఏట్లో చేపలున్నాయి కదండీ" అన్న మాట కూడా నమ్మొద్దు. కొర్రమేను, మార్పు అనే చేపలు గాలి పీల్చి బతుకుతాయి. బొచ్చె, శీలవతి పిల్లలు ఉన్నాయా అని జాలరుల్ని అడగండి.

ఊటబావి సంగతి. బ్లీచింగ్ వేసినా క్లోరిన్ తేలట్లేదంటే నాకు అమ్మోనియా మీదే అనుమానం. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ 8 నుంచి 10 మిల్లీగ్రాముల క్లోరిన్‌ను మింగుతుంది. మురుగు దిగిన ఇసుకలో ఆక్సిజన్ అయిపోయాక ఇనుము, మాంగనీస్ కూడా కరుగుతాయి, వాటి రుచి, రంగు, వాసన వస్తాయి. ఇసుక తవ్వేసిన చోట వడపోత పొర కూడా పలచబడుతుంది. ఇప్పటికిప్పుడు ఊటబావి నీళ్లలో అమ్మోనియా, నైట్రేట్, మాంగనీస్ పరీక్ష చేయించండి. క్లోరిన్‌ను ఓటీ ద్రావణంతో కాక డీపీడీ బిళ్లతో చూడండి. ఓటీలో క్లోరమైన్ (అమ్మోనియాతో కలిసిపోయిన క్లోరిన్) కూడా పసుపు రంగు చూపించి, క్లోరిన్ ఉందన్న భ్రమ కలిగిస్తుంది.

కాబట్టి నా ఓటు: ఆ 16 ఎకరాల్లో ప్లాంటు ఏదైనా పెట్టండి, దాని నీళ్లు వేసవిలో పొలాలకు మళ్లించండి. రోజుకు 3,000 ఘనపు మీటర్లు. పంటకు రోజుకు 6 మిల్లీమీటర్ల నీరు అనుకుంటే 50 హెక్టార్లు, 120 ఎకరాల పైచిలుకు తడుస్తుంది. పశుగ్రాసం, కలప తోటలు వేయొచ్చు. హైదరాబాద్ దిగువన మూసీ నీళ్లతో పచ్చిగడ్డి ఎప్పటినుంచో పండిస్తున్నారు, కానీ అది శుద్ధి కాని నీళ్లతో మొదలైన అలవాటు, దాన్ని నమూనాగా తీసుకోకండి. కొత్తిమీర, పుదీనా, ముల్లంగి లాంటి పచ్చిగా తినే పంటలకు ఈ నీళ్లు వద్దు. ఈ వాడకానికి చెరువుల నీళ్లే మేలు. నులిపురుగుల గుడ్లు చెరువుల్లో కిందికి దిగిపోతాయి, క్లోరిన్‌కు అవి చావవు.

ఏటిగట్టు:

చాలా ఉపయోగపడిందండి. ఒక్కటి అడగడం మరిచాను. సెప్టిక్ ట్యాంకులు తోడే ప్రైవేటు ట్యాంకర్లు రెండు మూడున్నాయి, 4,000 లీటర్లవి. రాత్రిపూట రెండో డ్రెయిన్‌లోనే వదిలేస్తున్నారు. ప్లాంటు వచ్చాక అక్కడే పోసుకోమంటే పోదా? బీఓడీ తక్కువన్నారు కదా, తిండి కూడా దొరుకుతుంది.

షిఫ్ట్_బి:

ఆలోచన బాగుంది గాని నేరుగా పోస్తే ప్లాంటు కూలుతుంది. ట్యాంకులో మూడేళ్లు కుళ్లిన బురదలో సులువుగా తినగలిగే తిండి ఎప్పుడో అయిపోయింది. మిగిలింది సాలిడ్స్, అమ్మోనియా, జుట్టు, గుడ్డ ముక్కలు, శానిటరీ ప్యాడ్లు. ఒక ట్యాంకరులో లీటరుకు 15 గ్రాముల సాలిడ్స్ ఉన్నా 60 కిలోలు. రోజుకు నాలుగు ట్యాంకర్లంటే 240 కిలోలు. మీ డ్రెయిన్లన్నిటి నీటిలో సాలిడ్స్ 150 అనుకుంటే వచ్చేదే 450. ఇంకో సగం ఒకేసారి మీద పడితే డిఫ్యూజర్లు, స్లడ్జ్ బెడ్లు రెండూ ఆగిపోతాయి.

పక్కనే చిన్న విభాగం కట్టండి. ట్యాంకరు పైపు బిగించే చోట 20 మిల్లీమీటర్ల, ఆపైన 6 మిల్లీమీటర్ల జల్లెడ. దాని తర్వాత 25 ఘనపు మీటర్ల తొట్టి, అక్కడి నుంచి ఇసుక బెడ్ల మీదికి. బెడ్ కింద కంకర, పైన 25 సెంటీమీటర్ల ముతక ఇసుక, దాని మీద బురద 20 సెంటీమీటర్లకు మించి పోయొద్దు. చదరపు మీటరుకు ఏడాదికి 150 కిలోల సాలిడ్స్ లెక్కన, రోజుకు 10 ఘనపు మీటర్లు, లీటరుకు 20 గ్రాముల బురదకు దాదాపు 490 చదరపు మీటర్లు కావాలి. పైన పారదర్శక రేకుల కప్పు. కింద దిగిన నీళ్లు మాత్రమే ప్లాంటులోకి, అదీ రోజంతా సన్నటి ధారగా. ఎండిన బురదను కంపోస్ట్ కుప్పలో కలిపి వేడెక్కించాకే పొలానికి ఇవ్వాలి. కుప్ప మధ్యలో 55 డిగ్రీలు రాకపోతే నులిపురుగుల గుడ్లు చావవు.

బెంగళూరు దగ్గర దేవనహళ్లిలో 2015 నుంచి ఎఫ్‌ఎస్‌టీపీ (సెప్టిక్ ట్యాంకుల బురద శుద్ధి కేంద్రం) ఉంది. మన వైపు వరంగల్‌లో, నరసాపురంలో కూడా ఉన్నాయి. ఇంజనీరుతో పాటు ట్యాంకరు ఓనర్లను కూడా తీసుకెళ్లి చూపించండి. పోసే చోటు ఊరికి దూరమైతే, డీజిల్ ఎవరు భరిస్తారని వాళ్లు అడుగుతారు. ట్యాంకరుకు ఇంత అని మున్సిపాలిటీ ఎదురిచ్చినా నష్టం లేదు. డ్రెయిన్‌లో పోస్తే అయ్యే ఖర్చు అంతకంటే ఎక్కువ.

వెట్‌వెల్:

సంపుల గురించి ఎవరూ మాట్లాడలేదు, అందుకని రెండు ముక్కలు. డ్రెయిన్ చివర సంపు అంటే ఏటి వరద మట్టానికి కిందే ఉంటుంది. ఓవర్‌ఫ్లో పైపుకు ఫ్లాప్ వాల్వ్ (నీళ్లను వెనక్కి రానివ్వని మూత) లేకపోతే ఆగస్టులో ఏరే వెనక్కొచ్చి సంపును ఒండ్రుతో నింపుతుంది. ఫ్లాప్‌కు గుడ్డలు చుట్టుకుని సగం తెరిచి ఉండిపోవడం మామూలు. జూన్ మొదటి వారంలో తెరిచి మూసి చూడాలి. ప్యానెల్ బోర్డు, ట్రాన్స్‌ఫార్మర్ వరద మట్టానికి పైన దిమ్మె మీద ఉండాలి.

పంపులు మూడూ ఒకే సైజువి తీసుకోవద్దు. రాత్రి రెండింటికి వచ్చే నీళ్లు సగటులో మూడో వంతు కూడా ఉండవు. పెద్ద పంపు నిమిషం నడిచి ఆగుతుంది, మాటిమాటికీ స్టార్టయితే వైండింగ్ కాలిపోతుంది. ఒకటి చిన్నది, రెండు పెద్దవి. సంపు మరీ పెద్దది కట్టినా ఇబ్బందే, అరగంటకు మించి నిలిచిన మురుగు కుళ్లుతుంది, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది.

ఆ వాయువు సంగతి టెండర్లో రాయించాల్సిందే. పంపులు గైడ్ రైలు మీద జారి పైకి వచ్చేవి కావాలి, గొలుసు, కప్పీ పైనే ఉండాలి, జల్లెడ బుట్ట కూడా పైకి లాగేదే. సంపులోకి మనిషి దిగితే తప్ప పని జరగని డిజైన్‌ను సంతకం పెట్టకుండా వెనక్కి పంపండి. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంటలోకి మనిషిని దింపడం నేరం.